పెద్దల సభను చదవడం – 4వ పాఠం: ఆగిన పని ఎటు పోయింది?

పెద్దల సభలోకి ఎవరు వస్తారు, ఎంతకాలం ఉంటారు, ఖజానా తాళాలు ఎవరి దగ్గరుంటాయి అన్నవి గత మూడు పాఠాల్లో చూశాం. ఈసారి ఒకే ఒక్క ప్రశ్న వెయ్యడం నేర్చుకుందాం. సభ ఫలానా బిల్లును ఆపేసిందని వార్త వస్తే మన చూపు ముందుగా ఎవరు గెలిచారన్న దానిమీదికే పోతుంది. ఆ సంగతి కాసేపు పక్కన పెట్టి, ఆగిన పని అక్కణ్ణుంచి ఎటు పోయిందో వెతకండి. అవసరం ఉన్నవాడు ఊరుకోడు, ఇంకో దారి చూసుకుంటాడు. సభ ఆరోగ్యం ఎలా ఉందో ఆ దారి చెబుతుంది.

నోటు పుస్తకంలో నాలుగు గడులు గీసుకోండి: ఏం అడిగారు, ఎవరు ఆపారు, దేనితో ఆపారు, తర్వాత ఎటు పోయింది. మొదటి మూడూ పత్రికల్లో దొరుకుతాయి. నాలుగోదానికి కొన్నేళ్ళు ముందుకు వెళ్ళి చూడాలి.

రోమ్‌తో మొదలుపెడదాం. క్రీ.పూ. 62 చివర్లో రోమన్ సేనాని పాంపే తూర్పు దేశాలు జయించి ఇటలీకి తిరిగొచ్చాడు. అందరూ భయపడ్డారు గానీ, అతను సైన్యాన్ని రద్దు చేసి ఇళ్ళకు పంపేశాడు. తన సైనికులకు భూములివ్వమనీ, తూర్పున తాను చేసిన ఏర్పాట్లన్నిటినీ ఒక్కసారిగా ఆమోదించమనీ రోమ్ పెద్దల సభ అయిన సెనేట్‌ను అడిగాడు. లుకుల్లస్, కాటో అనే సెనేటర్లు అడ్డం తిరిగారు, ఏర్పాట్లను ఒక్కొక్కటిగా విడివిడిగా చర్చించాల్సిందేనన్నారు. వ్యవహారం నానుతూ పోయింది. అదే కాలంలో ఆసియా పన్నుల వసూలును వేలంలో మరీ ఎక్కువకు పాడుకున్న గుత్తేదార్లు మొత్తం తగ్గించమని వచ్చారు. వాళ్ళ వెనక ఉన్నది రోమ్‌లోని గొప్ప ధనవంతుడు క్రాసస్. అదీ కాటో చేతిలోనే ఆగింది.

మూడోవాడు సీజర్. క్రీ.పూ. 60లో స్పెయిన్ నుంచి గెలిచి వచ్చాడు. విజయోత్సవ ఊరేగింపు కావాలంటే అప్పటిదాకా నగరం బయటే ఉండాలి. ఏటా ఇద్దరిని ఎన్నుకునే అత్యున్నత పదవి కాన్సల్‌కు నిలబడాలంటే స్వయంగా నగరంలోకి వచ్చి పేరు ఇవ్వాలి. తాను రాకుండానే పేరు ఇచ్చే వీలు కల్పించమన్నాడు. పొద్దుగూకాక సెనేట్ తీర్మానం చేయకూడదన్నది నియమం. కాటో లేచి సూర్యుడు వాలేదాకా మాట్లాడాడు. ఓటింగ్ జరగలేదు. సీజర్ ఊరేగింపు వదులుకుని నగరంలోకి నడిచొచ్చాడు.

ఇప్పుడు నాలుగో గడి నింపండి. విడివిడిగా ఆగిపోయిన ముగ్గురూ ఒక్కటయ్యారు. పాంపేకీ క్రాసస్‌కీ అంతకుముందు పొసిగేది కాదు. వాళ్ళ మధ్య పొత్తుకు సెనేటే దారి వేసింది.

క్రీ.పూ. 59లో కాన్సల్ అయిన సీజర్ భూముల బిల్లును ముందు సెనేట్‌కే తెచ్చాడు. మొత్తం చదివి వినిపించి, తప్పుంటే చెప్పమని ఒక్కొక్కరినీ అడిగాడు. ఎవరూ ఫలానా తప్పుందని చూపలేకపోయారు, అలాగని ఒప్పుకోనూ లేదు. కాటో మళ్ళీ అడ్డం పడ్డాడు. జైలుకు తీసుకెళ్ళమన్నాడు సీజర్. చాలామంది సెనేటర్లు లేచి కాటో వెంట నడిచేసరికి తగ్గి, అతన్ని వదిలేశాడు. బిల్లును మాత్రం నేరుగా ప్రజాసభకు పట్టుకెళ్ళాడు. అక్కడ అడ్డుచెప్పబోయిన రెండో కాన్సల్ బిబులస్‌ను గెంటేశారు. అతని అధికార చిహ్నాలైన దండాల కట్టలను విరిచేశారు. భూముల చట్టం వచ్చింది, పన్ను గుత్తల్లో మూడో వంతు తగ్గింది, పాంపే ఏర్పాట్లకు ఆమోదం దొరికింది.

ఈ తర్వాతి ముక్క నెమ్మదిగా చదవండి. ఏ రాష్ట్రానికి ఎవరిని పంపాలన్నది చిరకాలంగా సెనేట్ చేతిలోని పని. వాటీనియస్ అనే ట్రిబ్యూన్ (సామాన్యుల తరఫున ఎన్నికయ్యే అధికారి) ప్రజాసభలో చట్టం చేయించి, ఆల్ప్స్ కొండలకు ఇవతలి గాల్ (నేటి ఉత్తర ఇటలీ) రాష్ట్రాన్నీ, పక్కనున్న ఇల్లిరికమ్‌నూ అయిదేళ్ళపాటు సీజర్‌కు ఇప్పించాడు. ఆ పైన ఆల్ప్స్ అవతలి గాల్‌ను సెనేటే తన చేత్తో కలిపి ఇచ్చింది. తాము కాదంటే ప్రజాసభ ఎలాగూ ఇచ్చేస్తుందన్న భయం. ఒకప్పుడు ఊరేగింపు మినహాయింపు కూడా ఇవ్వని సభ, ఇప్పుడు అడిగినదానికి మించి ఇచ్చింది. క్రీ.పూ. 49లో సీజర్ తన రాష్ట్రపు సరిహద్దు నది రూబికాన్ దాటి రోమ్ మీదికి వచ్చింది ఆ గాల్‌లో తయారైన సైన్యంతోనే.

కాటో చెడ్డవాడని నేననను. గుత్తేదార్లకు కాదనడం న్యాయమే. నా అభ్యంతరం వ్యవస్థ మీద. అతని చేతిలోని జాప్యానికి గడువు లేదు, ఇంతకాలం ఆగితే ఇక తేల్చాల్సిందేనన్న నియమం లేదు. అలుగు లేని చెరువుకు నీళ్ళు ఆగినకొద్దీ కట్టకే ముప్పు.

అమెరికా సెనేట్‌లోనూ ఇదే గడి నింపి చూడండి. అక్కడ ఎడతెగని చర్చను ముగించడానికి 1917లో నియమం పెట్టారు, 1975 నుంచి బిల్లుల విషయంలో దానికి వందలో 60 ఓట్లు కావాలి. చిన్నప్పుడే అనుమతి పత్రాలు లేకుండా వచ్చిన పిల్లలకు చట్టబద్ధంగా ఉండిపోయే దారి చూపే డ్రీమ్ బిల్లు 2010 డిసెంబరులో ప్రతినిధుల సభ దాటింది. సెనేట్‌లో 55 మంది అవునన్నారు, 41 మంది కాదన్నారు. అరవై రాలేదు కాబట్టి ఆగిపోయింది. 2012 జూన్‌లో ఒబామా ప్రభుత్వం అందులో కొంత భాగాన్ని చట్టం లేకుండా పాలనాపరమైన ఆదేశంతో అమలు చేసింది. అప్పటినుంచి అది కోర్టుల్లో నలుగుతోంది. వీసా మీద సక్రమంగా వచ్చినవాళ్ళ పిల్లలకు ఆ ఆదేశం వర్తించలేదు. 21 ఏళ్ళు నిండితే తల్లిదండ్రుల వీసా నీడ పోయే తెలుగు పిల్లలు ఇప్పటికీ దిగులుతో లెక్కలు వేసుకుంటున్నారు. చట్టసభలో తేలని విషయం అధ్యక్షుడి బల్ల మీదికి పోయింది, ఒక అధ్యక్షుడు ఇచ్చినదాన్ని ఇంకొకరు తీసేయబోవచ్చు.

ఇక మీ అభ్యాసం. రాజ్యాంగం 197వ అధికరణం తెరవండి. మామూలు బిల్లును శాసన మండలి మొదటిసారి మూడు నెలలు, శాసనసభ మళ్ళీ పంపితే ఒక నెల మాత్రమే ఆపగలదు. 2020 జనవరిలో ఆంధ్రప్రదేశ్ మండలి చైర్మన్ మూడు రాజధానుల బిల్లులను విడిగా పరిశీలించే సభ్యుల బృందమైన సెలెక్ట్ కమిటీకి పంపారు, అంటే పని ఆగింది. నాలుగో గడిలో రెండు దారులు రాయాలి. శాసనసభ జూన్‌లో బిల్లులను మళ్ళీ ఆమోదించింది, నెల గడిచాక జులై 31న గవర్నర్ సంతకం చేశారు. ఇది రాజ్యాంగం రాసిపెట్టిన దారి. రెండోది, అదే జనవరి 27న మండలినే రద్దు చేయాలన్న తీర్మానం. దాన్ని 2021 నవంబరులో వెనక్కి తీసుకున్నారు.

ఇదే పద్ధతిలో 1985 నాటి మండలి రద్దుకూ, 2007 నాటి పునరుద్ధరణకూ గడులు మీరే నింపండి. 1983లో శాసనసభలో మెజారిటీ ఎవరిది, మండలిలో ఎవరిది అన్నదగ్గర మొదలుపెడితే సులువు. వచ్చే పాఠంలో రోమ్ నియంత సుల్లా సెనేట్ సభ్యుల సంఖ్యను సుమారు 300 నుంచి 600కు పెంచినప్పుడు సభ బలం పెరిగిందో తగ్గిందో చూద్దాం. అప్పటికి ఈ గడులు మీ దగ్గర ఉండాలి.