పొలంలో చెట్లు, మొద్దులు తీయించే ముందు

బీడు పడ్డ నేలను సాగులోకి తెచ్చుకోవాలనుకున్నవాళ్లు ముందుగా అడిగేది జేసీబీ గంటకు ఎంత అని. నేనైతే మిషన్ రావడానికి రెండు రోజుల ముందు ఆ నేలంతా ఒకసారి కాలినడకన తిరిగి రమ్మంటాను. మిషన్ దిగాక ఎవరికీ ఓపిక ఉండదు. గంటలు లెక్కలోకి వస్తుంటాయి కాబట్టి మనం తొందరపెడతాం, ఆపరేటర్ తొందరపడతాడు.

తిరిగేటప్పుడు తల పైకెత్తి చూడండి. కరెంటు తీగలుంటే, ఎత్తిన బకెట్‌కీ తీగకీ మధ్య కనీసం 3 మీటర్ల ఎడం ఉండాలి. హై టెన్షన్ లైన్లకు ఇంకా ఎక్కువ కావాలి. బకెట్ తీగను తాకాల్సిన పని లేదు, బాగా దగ్గరికి వెళ్తే కరెంటే దూకుతుంది. చెట్టు లైను మీద పడే వీలుంటే విద్యుత్ సిబ్బందితో సరఫరా ఆపించాకే పని మొదలుపెట్టాలి. ఒకవేళ తాకిందే అనుకోండి, ఆపరేటర్ సీట్లోంచి కదలకూడదు, కింద ఉన్నవాళ్లు దగ్గరికి పరుగెత్తకూడదు. చుట్టూ నేలలోనూ కరెంటు పారుతుంటుంది. మంటలు లేస్తే మాత్రం దిగక తప్పదు. అప్పుడు ఒక చెయ్యి మిషన్ మీద, ఒక కాలు నేల మీద పెట్టి దిగితే ప్రాణం పోతుంది. రెండు కాళ్లూ జోడించి ఒక్కసారిగా దూకి, పాదాలు విడదీయకుండా చిన్నగా జరుపుకుంటూ దూరం వెళ్లాలి. ఈ మాట పని మొదలయ్యే ముందే ఆపరేటర్‌తో అనండి. తెలిసినవాడైనా విసుక్కోడు.

తర్వాత కాళ్ల కింద. బోరు పైపు, మోటారు కేబుల్ ఎక్కడెక్కడ పోతున్నాయో సున్నంతో గీత గీయండి. పొదలు మరీ గుబురుగా ఉన్నచోట పాడుబడ్డ బావి ఉండొచ్చు, పొడుగాటి కర్రతో పొడిచి చూడాలి. తొర్రలు, తేనెపట్టులు, కందిరీగల గూళ్లు కూడా చూసుకోండి. ఈగలు లేస్తే ఆపరేటర్ ఇంజన్ ఆపకుండానే దూకేస్తాడు. గట్టు మీది చెట్టు అయితే అవతలి పొలం వాళ్లతో మాట్లాడటం, నరకడానికి అనుమతి కావాలో వద్దో కనుక్కోవడం ఈ రెండు రోజుల్లోనే అయిపోవాలి.

ఇక మొద్దుల సంగతి. చాలామంది చెట్టును రంపంతో నేలమట్టంగా కోయించి, ఆ తర్వాత మిషన్‌ను పిలుస్తారు. అప్పుడిక బకెట్‌కు పట్టు దొరకదు. కనీసం మీటరు, మీటరున్నర కాండం వదలాలి. అదే గునపంలా పనిచేస్తుంది. వేర్లలో ఎక్కువ భాగం పైనున్న 60 సెంటీమీటర్ల మట్టిలోనే పరుచుకుని ఉంటాయి కాబట్టి, ముందు చుట్టూ కందకం తీసి పక్కవేర్లు తెంపి, ఆ తర్వాత మొద్దును అటూ ఇటూ నెట్టాలి. అలా కాకుండా ఒకే దెబ్బకు పెకలించాలని చూస్తే మిషనే లేస్తుంది. నేల కొద్దిగా తేమగా ఉంటే వేరు సులువుగా వస్తుంది, బురదగా ఉంటే టైరు దిగబడుతుంది.

నిలబడి ఉన్న చెట్టును నెట్టేటప్పుడు రెండు చిక్కులున్నాయి. చెట్టు ముందుకు ఒరుగుతుంటే దాని వేర్లు ఇటువైపు, అంటే మిషన్ ముందుచక్రాల కింద, పైకి లేస్తాయి. ఒరగడం మొదలవగానే వెనక్కి రావాలి. రెండోది, ఎండిపోయిన చెట్టు. నెట్టినప్పుడు మొదలు కదలదు, పైభాగం విరిగి సరిగ్గా క్యాబిన్ మీద పడుతుంది.

పడిపోయిన చెట్టు చచ్చిన చెట్టనుకోవద్దు. వేర్లు సగం నేలలోనే ఉండగా కాండాన్ని కోస్తే, అంతవరకూ దాన్ని పడుకోబెట్టిన బరువు పోతుంది. మట్టిముద్దతో సహా మొద్దు ఎగిరి మళ్లీ గోతిలో నిలబడుతుంది. ఆ గోతిలో వేరు తెంపడానికి దిగినవాడి గతి చెప్పక్కర్లేదు. వంగి బిగుసుకున్న కొమ్మలదీ అదే తీరు. రంపం పెట్టే ముందు బిగువు ఎటువైపు ఉందో చూసుకోవాలి.

బిగువు గురించి నాకు బుద్ధి చెప్పింది ఒక కొక్కెం. ట్రాక్టరుకు ఇనుప తాడు కట్టి మొద్దును లాగుతుంటే కొక్కెం నోరు విచ్చుకుంది. తాడు ఈల వేసినట్టు శబ్దం చేస్తూ వచ్చి మడ్‌గార్డు రేకును చీల్చుకుని పోయింది. అంతకు రెండు నిమిషాల ముందు అక్కడ కూర్చున్నవాడు నీళ్లు తాగడానికి దిగాడు. అప్పటినుంచి తాడు ఎంత పొడవుంటే అంతకు మించిన దూరంలో తప్ప మనుషుల్ని నిలబడనివ్వను. నైలాన్ తాడు ఇంకా మోసగత్తె, సాగి సాగి ఒక్కసారి తెగుతుంది. తాడును ట్రాక్టరు వెనక కింద ఉండే లాగుడు కడ్డీకి, అంటే డ్రాబార్‌కే కట్టాలి. ఇరుసుకో, పనిముట్లను పైనుంచి పట్టి ఉంచే టాప్ లింకుకో కడితే ముందుచక్రాలు లేచి ట్రాక్టరు వెనక్కి తిరగబడుతుంది. దానికి ఒకటిన్నర సెకను చాలు. క్లచ్ తొక్కాలని తోచేలోపే అయిపోతుంది. తిరగబడినా డ్రైవరు నలగకుండా కాపాడే రక్షణ ఫ్రేము ఉన్న ట్రాక్టరులో సీటు బెల్టు కట్టుకోవాలి. మడ్‌గార్డు మీద ఎవరూ కూర్చోకూడదు.

సైగలు చేసేది ఒక్కడే అయి ఉండాలి. నలుగురు నాలుగు చేతులు ఊపితే ఆపరేటర్ తనకు తోచింది చేస్తాడు. సైగ చేసేవాడు కంటికి కనపడకపోతే మిషన్ ఆపేయాలన్నది ముందే ఒప్పుకున్న మాటగా ఉండాలి. చూడ్డానికి వచ్చినవాళ్లు చెట్టు ఎత్తుకు రెండింతల దూరంలో ఉండాలి. పిల్లలైతే అసలు రాకూడదు.

మిషన్‌లో గట్టి ఒత్తిడితో నూనె పోయే హైడ్రాలిక్ పైపు నుంచి నూనె చిమ్ముతుంటే ఎక్కడ కారుతోందో వేలితో తడమొద్దు. సూది మొనంత ధార చర్మంలోకి దూరిపోతుంది. మొదట పెద్ద నొప్పి ఉండదు, అందుకే చాలామంది పట్టించుకోరు. వెంటనే ఆసుపత్రికి వెళ్లకపోతే వేలు తీసేయాల్సి వస్తుంది. అట్టముక్క అడ్డం పెట్టి చూడండి. ఇంజన్ దగ్గర పేరుకున్న ఎండుటాకులు పూటకోసారి దులపాలి. మధ్యాహ్నం పని ఆపినప్పుడు బకెట్ నేలకు దించి ఉంచాలి.

గోతుల్ని ఆరోజే పూడ్చండి. ఒకేసారి మట్టి తోసేయకుండా అడుగు మందాన వేసి తొక్కించాలి, లేకపోతే వానకు కుంగి ట్రాక్టరు చక్రం దిగబడుతుంది. మొద్దులకు అంటిన మట్టి దులిపి కుప్ప వేయండి, మట్టితో ఉంటే సరిగా కాలవు. గాలి ఉన్నరోజు నిప్పు పెట్టొద్దు. నేలలో మిగిలిన వేరుకు నిప్పంటుకుంటే పైకి పొగ కూడా లేకుండా లోపల రోజుల తరబడి రగులుతుంది. పైన చల్లటి బూడిద, కింద నిప్పుల గుంట. కాలు పెట్టే ముందు పొడుగాటి పార కర్రతో కెలికి, నీళ్లు పోసి, మర్నాడు మళ్లీ కెలికి చూశాకే పశువుల్ని అటు వదలండి.