సంక్రాంతికి పాత పెట్టె తెరిచే ముందు

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాలకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ తేమంతా పీల్చుకున్న బీరువాను భోగికి రెండు రోజుల ముందు తెరిచి, కూతురికో కోడలికో అమ్మమ్మ నాటి చీర, కాసులపేరు పెడదామని హడావుడి పడతాం. దాచిన తీరుతో పాటు ఆ హడావుడీ వాటికి ప్రమాదమే. డిసెంబరు ఆఖరులో, ఎండ కాసిన రోజు చూసి ముందుగానే తీయండి.

మా అమ్మమ్మ వెంకటగిరి జరీ చీరను మేమే పాడు చేసుకున్నాం. ప్లాస్టిక్ కవర్లో పెట్టి, పైన నాలుగు కలరా ఉండలు వేశాం. ఐదేళ్లకు తీస్తే అంచు నల్లబడింది, మడత దగ్గర పిగిలింది. ఆ బాధ నాకు ఇంకా పోలేదు. పాత జరీ అంటే వెండి తీగ మీద బంగారు పూత. గాలాడని కవర్లో తేమ చేరితే వెండి నల్లబడుతుంది. అందుకే ఉతికి మెత్తబడిన పాత నూలు పంచెలో చుట్టండి. పురుగు పట్టకుండా ఎండిన వేపాకు గుడ్డలో మూటకట్టి పక్కన పెట్టండి, కలరా ఉండలు మాత్రం జరీకి తగలనివ్వొద్దు. వెంకటగిరి నూలు చీరను గంజితో దాచొద్దు, గంజి తినడానికే పురుగులు వస్తాయి. మూడు నెలలకోసారి మడత మార్చండి. బయటికి తీశాక నీడలోనే ఆరేయాలి. కట్టుకున్నాక సెంటు జరీ మీద కొట్టకూడదు.

పాత కెంపుల నగల్లో రాళ్ల వెనక, బోలు గుండ్లలో లక్క ఉంటుంది. మెరవాలని వేడినీళ్లలో వేసి తోమితే లక్క మెత్తబడి రాళ్లు ఊడతాయి. ముత్యాలకు, పగడాలకు చింతపండు, నిమ్మరసం అసలు తగలకూడదు. మెత్తటి పొడిగుడ్డతో తుడిస్తే చాలు. కొక్కేలు, దారాలు తెలిసిన కంసాలికి చూపించండి, పని అయ్యేదాకా అక్కడే కూర్చోండి. పండగ ముందు వీధుల్లోకి 'మెరుగు పెడతాం' అని వచ్చేవాళ్ల చేతికి మాత్రం ఇవ్వొద్దు. వాళ్ల యాసిడ్‌లో బంగారం కరిగిపోతుంది. నగ తళతళలాడుతూనే తిరిగొస్తుంది, బరువు తూచినప్పుడు తెలుస్తుంది.

2021 నవంబరులో పెన్న పొంగి నెల్లూరు, కోవూరు వైపు ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. కాబట్టి ఇలాంటివి బీరువా కింది అరలో పెట్టొద్దు. లాకర్లో ఉన్నాయిగా అనుకుంటే ఇదీ తెలుసుకోండి: దొంగతనం, అగ్నిప్రమాదం, సిబ్బంది మోసం జరిగితే ఆర్‌బీఐ నిబంధన ప్రకారం బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు 100 రెట్ల దాకా. బ్యాంకు నిర్లక్ష్యం లేకుండా వరద వల్ల పోతే ఆ బాధ్యత ఉండదు.

ఇత్తడి గిన్నె ఇస్తుంటే ముందు లోపల కళాయి (తగరం పూత) పూయించండి. కళాయి పోయిన గిన్నెలో పులుసు వండకూడదు.

తల్లి, అత్త, అమ్మమ్మ ఇచ్చినదానికి తీసుకున్నవాళ్లు ఆదాయపన్ను కట్టక్కర్లేదు. అయినా ఒక చీటీ రాయండి: ఎవరు చేయించారు, బరువెంత, ఎవరి నుంచి ఎవరికి, ఏ పండక్కి. పెద్దావిడ ఉన్నప్పుడే, ఆమెనే అడిగి రాయండి. ఆ చీటీ చీర మడతలో పెడితే సిరా అంటుకుంటుంది, పంచె మూట పైన పెట్టండి.