అన్నం లేని రాత్రికి చికెన్ వేపుడు: ఎక్కడ తేడా కొడుతోంది?

అరకిలో బోన్‌లెస్, అల్లం వెల్లుల్లి ముద్ద, కారం, మిరియాల పొడి, కరివేపాకు, ఇరవై నిమిషాలు. ఇంతే వంట. అయినా తేడా కొడుతుంది, అదీ ఎక్కువగా పాన్‌లోనే.

వేపుడు అనుకుంటే నీళ్లు ఊరిపోయాయి

కడిగిన చికెన్‌ని సరిగ్గా వార్చకుండా, అరకిలో మొత్తం ఒకేసారి చిన్న పాన్‌లో కుక్కేస్తే జరిగేది ఇదే. అడుగున నీళ్లు నిలిచినంతసేపు అక్కడ వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, ముక్క ఎర్రబడాలంటే 140 దాకా వెళ్లాలి, కాబట్టి మీరు ఎంత కలిపినా అది ఉడుకుతుందే తప్ప వేగదు. ముక్కల్ని గుడ్డతో అద్ది, రెండు విడతలుగా, పాన్ బాగా కాలాక వేయండి, మూత పెట్టకండి. ఇప్పటికే ఊరిపోయిందా? టెన్షన్ వద్దు. ముక్కలు పళ్లెంలోకి తీసి, ఆ నీళ్లు పెద్ద మంట మీద ఇగరబెట్టి, ముక్కలు మళ్లీ అందులో వేయండి. నిజం చెప్పాలంటే నాకు అలా చేసిందే ఎక్కువ నచ్చుతుంది.

పీచు పీచుగా, రబ్బరులా ఉంది

బ్రెస్ట్ ముక్కల్ని అదనంగా ఐదు నిమిషాలు వేయించారు. బ్రెస్ట్‌లో కొవ్వు తక్కువ, కాస్త ఎక్కువ వేగినా ఎండిపోతుంది. తొడ మాంసం తెచ్చుకోండి, లేదంటే అరగంట ముందే ఉప్పు పట్టించి, అర అంగుళం మందాన ఒకే సైజులో కోయండి. లోపల 74 డిగ్రీలు వస్తే చాలు. థర్మామీటర్ లేకపోతే అన్నిట్లో పెద్ద ముక్కని కోసి చూడండి, గులాబీ రంగు ఉండకూడదు.

పైన మాడింది, లోపల పచ్చి

ముక్క లావు, మంట ఎక్కువ. రెండు చెంచాల నీళ్లు చిలకరించి, సిమ్‌లో మూడు నిమిషాలు మూత పెట్టి తీయండి. (మూత వద్దన్నాను కదా, ఇదొక్కటే మినహాయింపు.)

చేదు

అల్లం వెల్లుల్లి, కారం మొదట్లోనే వేసి మాడ్చారు. ముక్క ఎర్రబడ్డాకే అల్లం వెల్లుల్లి, దాని పచ్చివాసన పోయాక కారం, దింపే ముందు మిరియాలు. మాడిన మసాలాని బాగుచేసే మార్గం మాత్రం లేదు.

రుచి బాగానే ఉంది, తినలేకపోతున్నాం

దీని గురించి ఎవరూ చెప్పరు. మన వేపుళ్లలో ఉప్పూ కారం అన్నంలో కలుపుకోవడానికి వేసిన లెక్క. అన్నం తీసేసి అదే కొలత వేస్తే నాలుగో ముక్కకే నోరు మండుతుంది. ఉప్పు, కారం రెండూ మూడో వంతు తగ్గించి, చివర్లో నిమ్మకాయ పిండి, పక్కన క్యాబేజీయో క్యాప్సికమో అదే పాన్‌లో వేయించుకోండి.

అన్నం మానేసినా షుగర్ పెరుగుతోంది

చికెన్‌లో పిండి పదార్థం దాదాపు సున్నా. మీరు కలిపిందేంటో చూసుకోండి. ఒక పెద్ద చెంచా కార్న్‌ఫ్లోర్‌లో సుమారు 7 గ్రాములుంటాయి, సాస్‌లలో చక్కెర వేరే. 100 గ్రాముల అన్నంలో 28 దాకా ఉంటాయి కాబట్టి నాలుగు చెంచాల కార్న్‌ఫ్లోర్ వేస్తే ఆ అన్నం తిన్నట్టే. షుగర్ మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు అన్నం ఒక్కసారిగా మానేస్తే షుగర్ బాగా పడిపోవచ్చు, ముందు డాక్టర్‌తో మాట్లాడండి.

పదింటికి మళ్లీ ఆకలి

తిన్నది తక్కువైంది, అంతే. పాన్ కడిగేయకండి. అడుగున మిగిలిన మసాలాలోనే రెండు గుడ్లు కొట్టి పొరటు చేసుకోండి.