సొంత కారులో సఫారీ – 3వ పాఠం: అడవిలో చూపు నిలపడం

గత రెండు పాఠాల్లో బుకింగ్, బండి సంగతులు అయిపోయాయి. ఇప్పుడు దక్షిణాఫ్రికాలోని క్రూగర్ నేషనల్ పార్కులో, స్కుకుజా క్యాంపు గేటు దగ్గర ఉన్నాం అనుకోండి. అక్కడి చలికాలం, అంటే జూన్, జులై. ఆరు గంటలకు గేటు తీస్తారు. అక్కడా మనలాగే ఎడమవైపే నడపాలి కాబట్టి డ్రైవింగ్ గురించి టెన్షన్ అక్కర్లేదు. ఈ పాఠంలో నేర్చుకునేది చూడటం.

మొదటిసారి వెళ్లినప్పుడు మేం రోజంతా తిరిగాం. ఇంపాలా జింకలు తప్ప దాదాపు ఏమీ కనపడలేదు. పిల్లలు సాయంత్రానికి నీరసపడిపోయారు. తప్పు అడవిది కాదు, మా వేగానిది. తారు రోడ్డు మీద గంటకు 50 కిలోమీటర్లు, మట్టి రోడ్డు మీద 40 దాటకూడదని పార్కు నిబంధన. అది గరిష్ఠ పరిమితి మాత్రమే. జంతువులు కనపడాలంటే 20, 25 మించకండి. వెనక బండి వస్తే పక్కకు తీసి దారివ్వండి. స్కుకుజా నుంచి లోయర్ సబీ అనే ఇంకో క్యాంపు దాకా సబీ నది పక్కనే వెళ్లే రోడ్డు 50 కిలోమీటర్లు కూడా ఉండదు. దానికి నాలుగు గంటలు కేటాయించండి.

ఇక కళ్ల సంగతి. సింహం కోసం వెతికితే సింహం దొరకదు. ఫొటోల్లో చూసినట్టు నిండుగా, ఎదురుగా నిలబడి ఉంటుందని మనసు ఆశపడుతుంది. అడవిలో కనపడేది ముక్కలే: ఒక చెవి, ఒక తోక, పొదల మధ్య అడ్డంగా ఒక గీత. చెట్ల కాండాలు నిలువుగా ఉంటాయి, జంతువు వీపు అడ్డంగా ఉంటుంది. అందుకే అడ్డగీత కనపడితే చూపు అక్కడ ఆపండి. పొద మీద కాదు, పొద సందుల్లోంచి దాని వెనక ఉన్న నీడలోకి చూడండి. నది ఒడ్డున పెద్ద చెట్లు వస్తే అడ్డంగా సాగిన లావుపాటి కొమ్మల్ని ఒక్కొక్కటిగా చూసుకుంటూ రండి. చిరుతపులి పడుకున్నప్పుడు ఒళ్లు ఆకుల్లో కలిసిపోతుంది, తోక మాత్రం తాడులా కిందికి వేలాడుతుంది.

మీకంటే బాగా చూసేవాళ్లు అడవిలో చాలామంది ఉన్నారు. ఇంపాలాల మందను "మళ్లీ జింకలేనా" అని వదిలేయకండి. తలలు దించి మేస్తుంటే అక్కడ భయం లేనట్టే. అన్నీ మెడలెత్తి ఒకే వైపు చూస్తూ, ముక్కులతో గట్టిగా చీదుతున్నాయంటే బండి ఆపి ఇంజిన్ కట్టేయండి. మా రెండో ప్రయాణంలో అలాగే ఆపాం. ఇరవై నిమిషాలు ఎండుగడ్డి తప్ప ఏమీ లేదు. అప్పుడు మా చిన్నది, "అమ్మా, గడ్డిలో నల్లమచ్చ కదిలింది" అంది. సింహం చెవి వెనకవైపు నల్లగా ఉంటుంది. ఆ చెవి ఈగను తోలుకుంటోంది. చూస్తుండగానే పక్కన ఇంకో చెవి లేచింది. అన్నీ కలిపి నాలుగు ఆడసింహాలు, మాకు ముప్పై అడుగుల దూరంలో.

ఇలాంటప్పుడు "అదిగో, అదిగో" అంటే ఎవరికీ ఏమీ తెలియదు. బండిని గడియారం అనుకోమని పిల్లలకు ముందే నేర్పండి. బానెట్ వైపు పన్నెండు, కుడిపక్క మూడు, ఎడమపక్క తొమ్మిది. "పది గంటల వైపు, ఎండిన చెట్టు మొదట్లో" అంటే వెనక సీట్లో ఉన్న అమ్మమ్మకు కూడా వెంటనే దొరుకుతుంది.

ఏనుగుల దగ్గర మాత్రం చూపుతో పాటు జాగ్రత్తా కావాలి. మంద రోడ్డు దాటుతుంటే దూరంగానే ఆగండి, వెనక్కి వెళ్లడానికి చోటు ఉంచుకోండి. తల్లికీ పిల్లకీ మధ్య బండి ఎప్పుడూ పెట్టకండి. చెవులు విప్పి, తల విదిలించి మీ వైపు తిరిగితే అది హెచ్చరిక. నెమ్మదిగా వెనక్కి తీయండి, హారన్ కొట్టకండి. ఒంటరి మగ ఏనుగు కనపడితే ముందు కంటికీ చెవికీ మధ్య చూడండి. మన కావ్యాల్లో వినే మదజలం అక్కడే కారుతుంది. ఆ తడిచార నల్లగా మెరుస్తుంటే, వెనక కాళ్లు మూత్రంతో తడిసి ఉంటే, ఫొటో ఆలోచన మానేసి తప్పుకోండి.

తిండికి సగం దారిలో న్కుహ్లు పిక్నిక్ స్థలం ఉంది. ఇలాంటి అనుమతించిన చోట్ల తప్ప ఎక్కడా బండి దిగకూడదు, కిటికీలోంచి తల, చేతులు బయటపెట్టకూడదు. పులిహోర డబ్బా తెరిచేముందు చెట్ల మీద చూసుకోండి. కోతులు రెప్పపాటులో ఎత్తుకుపోతాయి. పాపం ఆకలి అని ఒక్క ముద్ద కూడా వేయకండి. మనుషుల తిండి మరిగిన కోతులు మీద పడతాయి, చివరికి వాటిని చంపాల్సి వస్తుంది.

లోయర్ సబీ దగ్గర సన్‌సెట్ డ్యామ్ పక్కన గంటసేపు ఊరికే కూర్చోండి. హిప్పోలు, మొసళ్లు అక్కడ దాదాపు ఎప్పుడూ ఉంటాయి. చలికాలంలో క్యాంపు గేటు సాయంత్రం ఐదున్నరకు మూసేస్తారు కాబట్టి తిరుగు ప్రయాణం మూడుకల్లా మొదలుపెట్టండి.

ఈ వారం అభ్యాసం: ఇంటి దగ్గర ఏదైనా పెద్ద వేపచెట్టు ముందు పిల్లలతో పది నిమిషాలు కదలకుండా కూర్చోండి. మొదటి నిమిషంలో ఎన్ని ప్రాణులు కనపడ్డాయి, చివరి నిమిషానికి ఎన్ని అయ్యాయి, రాసుకోండి.