రాత్రి డ్యూటీ తర్వాత ఒక్క క్రిస్మస్ పాట

గుంటూరులో 22 ఏళ్లుగా నర్సుగా పనిచేస్తున్నాను. డిసెంబరులో రాత్రి డ్యూటీ దిగి ఇంటికి వచ్చేసరికి మానిటర్ల కూత ఇంకా చెవుల్లోనే ఉంటుంది. వీధి చివర చర్చి మైకు, పక్కింట్లో కీబోర్డు సాధన, ఫోనులో వరసగా వచ్చిపడే శుభాకాంక్షలు. వినిపించేవన్నీ క్రిస్మస్ పాటలే. అయినా ఒళ్లు వాలుతుంది గాని మనసు వాలదు. అందుకే ఈ నెలంతా ఒకే పాట పెట్టుకుంటాను. నెమ్మదిగా, అయిదుసార్లు పాడుకుంటాను. మీరూ ఒక్కటే ఎంచుకోండి. పాట మారినప్పుడల్లా మనసు మళ్లీ లేచి కూర్చుంటుంది.

నా పాట ‘శుద్ధ రాత్రి’. ఇంగ్లీషులో ‘సైలెంట్ నైట్’ అన్నా, దాని సొంత భాష జర్మన్. నెపోలియన్ యుద్ధాలు ముగిసిన మరుసటి ఏడు, 1816లో, యోసెఫ్ మోర్ అనే యువ ఫాదర్ ఆ కవిత రాశారు. 1818 డిసెంబరు 24న ఆస్ట్రియాలో ఫ్రాంజ్ గ్రూబర్ అనే బడిపంతులు దానికి బాణీ కట్టారు. ఆ రాత్రే ఇద్దరూ గిటారుతో ఓబెర్న్‌డార్ఫ్ ఊరి చర్చిలో పాడారు. అలసిపోయిన మనుషుల మధ్య పుట్టిన పాట కాబట్టే అలసిన గొంతుకు అంత తేలిగ్గా ఒదుగుతుందని నా నమ్మకం.

ముందు గదిలో వెలుగు తగ్గించండి. నేను గుమ్మానికి కట్టిన స్టార్ కూడా ఆపేస్తాను. ఫోను పక్క గదిలో పెట్టండి. నా దగ్గర నాన్న వాయించిన హార్మోనియం ఉంది. తిత్తి తెరిచి, ఏ మెట్టూ నొక్కకుండా ఒకసారి గాలి నింపుతాను. లోపల చిన్న నిట్టూర్పులాంటి చప్పుడు అవుతుంది. పాటకు ముందు ఆ గాలి వినమనేవారు నాన్న. చిన్నప్పుడు ఎందుకో అర్థమయ్యేది కాదు. ఆ చప్పుడు వినాలంటే మనం కదలకుండా ఉండాలి, అంతే. హార్మోనియం లేకపోతే శ్రుతిపెట్టె చాలు.

ఇప్పుడు శ్రుతి, అంటే ఎంత ఎత్తులో పాట అందుకోవాలన్నది. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. మొదలు ప ధ ప గ అని హాయిగా ఉంటుంది కదా అని ఎత్తుగా అందుకుంటారు. కానీ పాట పై షడ్జం (స) దాటి పై మధ్యమం (మ) దాకా ఎక్కుతుంది. అక్కడ గొంతు బిగిస్తే అప్పటిదాకా కూడిన నెమ్మది అంతా పోతుంది. మామూలుగా పాడే శ్రుతి కంటే రెండు మూడు మెట్లు తగ్గించండి. అన్నీ శంకరాభరణం రాగంలోని స్వరాలే కాబట్టి కర్ణాటక సంగీతం కొద్దిగా వచ్చినవారికి దారి సులువుగా దొరుకుతుంది.

నడక ఊయల నడక: ఒకటి-రెండు-మూడు, నాలుగు-అయిదు-ఆరు. ఈ ఆరు లెక్కలూ కలిపి ఒక ఊపు, దానికి నాలుగు సెకన్లు పట్టాలి. అలాంటి ఊపులు చరణానికి పన్నెండు. రెండేసి ఊపులకు ఒక ఊపిరి చొప్పున ఆరు ఊపిరులు అవుతాయి. మొదటి రెండుసార్లు మాటలు వద్దు, నోరు మూసుకుని ‘మ్‌మ్’ అని రాగం మాత్రం తీయండి. గుండె దగ్గర చెయ్యి పెడితే ఆ అదురు తెలుస్తుంది. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం కొద్దిగా తగ్గుతుంది. మానిటర్ మీద రోజూ చూసేదే కాబట్టి ఇది ధైర్యంగా చెబుతున్నాను. పాడటమంటే ఊపిరిని పొడుగ్గా వదలటమే కదా.

మూడోసారి నుంచి మాటలు పాడండి. ఒక్క చరణం చాలు. చివర్లో స ప గ, ప మ రి స అని పై షడ్జం నుంచి కింది షడ్జానికి దిగే చోట తొందరపడకండి. నేను రాత్రంతా మోసిన మంచాల నంబర్లు, సెలైన్ లెక్కలు ఒక్కొక్కటీ అక్కడే వదిలేస్తాను. కన్నీళ్లు వస్తే రానివ్వండి, పాట ఆపకండి.

పాడలేనివారు వినవచ్చు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జ్ కింగ్స్ కాలేజీ చర్చిలో జరిగే క్రిస్మస్ పాటల ఆరాధనను ఏటా డిసెంబరు 24న బీబీసీ రేడియో ప్రసారం చేస్తుంది. మనకు అప్పుడు రాత్రి ఎనిమిదిన్నర. అది ‘శుద్ధ రాత్రి’తో కాదు, వేరే క్రిస్మస్ పాటతో, వాద్యమేదీ లేకుండా ఒక్క పిల్లవాడి గొంతుతో మొదలవుతుంది. ఆ మొదటి చరణం కళ్లు మూసుకుని వినండి. ఆ రాత్రి డ్యూటీ లేకపోతే నేనూ వింటాను.

అయిదోసారి అయ్యాక వెంటనే లేవకండి. హార్మోనియంలో మిగిలిన గాలి మెల్లగా బయటికి పోతుంది. అది పూర్తిగా ఆగేదాకా విని, అప్పుడు తిత్తికి కొక్కెం పెడతాను.