అభిరుచిగా స్పోర్ట్స్ కారు బాడీ డిజైన్: బెంగళూరులో మొదలుపెట్టేవారికి

బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ శని, ఆదివారాలు ఈ పనికి కేటాయించాలనుకునే మన తెలుగువారిలో చాలామంది మొదట వెనక రెక్కను, పదునైన హెడ్‌లైట్లను గీస్తారు. కానీ కారు రూపాన్ని నిర్ణయించేది చక్రాల పరిమాణానికీ, వాటి మధ్య దూరానికీ, పైకప్పు ఎత్తుకూ కుదిరే పొందిక. అది కుదరకపోతే ఎన్ని హంగులు చేర్చినా ఫలితం ఉండదు.

అందువల్ల ముందుగా కొత్త బాడీ తొడగడానికి ఆధారంగా తీసుకునే కారును ఎంచుకుని, దాని కొలతలు రాసుకోవాలి. ఉదాహరణకు మారుతి 800లో ముందు, వెనక చక్రాల కేంద్రాల మధ్య దూరం 2175 మిల్లీమీటర్లు. దాని 145/70 ఆర్12 టైరు వ్యాసం సుమారు 508 మిల్లీమీటర్లు. అంటే ఆ దూరం టైరు వ్యాసానికి నాలుగు రెట్లకు పైగా ఉంటుంది. స్పోర్ట్స్ కారుకు ఈ లెక్క ఇంతకన్నా తక్కువగా ఉంటే చూపులకు బాగుంటుంది. 175/65 ఆర్15 టైరు వేస్తే అది మూడున్నరకు తగ్గుతుంది కానీ, బండి లాగే శక్తి కొంత మందగిస్తుంది, స్పీడోమీటరు అసలు వేగం కన్నా తక్కువ చూపిస్తుంది. పైగా ఈ కారుకు విడిగా చాసిస్ లేదు, బరువంతా బాడీ షెల్లే మోస్తుంది. కాబట్టి దాన్ని కోసి ఫైబర్ (గాజు పీచు, రెజిన్ కలిపి చేసే) బాడీ తొడిగితే సరిపోదు. అనుభవమున్న ఇంజనీరు చేత గొట్టాల ఫ్రేము డిజైన్ చేయించుకోవాలి.

చట్టాన్నీ ఇప్పుడే చూసుకోవాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకు భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. కనుక ఇలాంటి కారును ప్రైవేటు స్థలానికో, అనుమతి తీసుకుని ట్రాక్‌కో పరిమితం చేసుకోవడమే సరైనది.

తరువాతిది మట్టి నమూనా. నా దృష్టిలో ఈ అభిరుచికి ప్రాణం ఇదే, దీనికి ఎంత సమయం పట్టినా తొందరపడకూడదు. అయిదో వంతు స్కేలులో చక్రాల మధ్య దూరం 435 మిల్లీమీటర్లు వస్తుంది. థర్మాకోల్‌తో లోపలి దిమ్మ చేసి, వేడి చేస్తే మెత్తబడే ఇండస్ట్రియల్ క్లేను దానిపై మందంగా పట్టించి, స్టీలు రేకుతో గీరుతూ ఆకారం తేవాలి. సగం కారు మాత్రమే చేసి, మధ్యగీత వెంట నిలువుటద్దం పెడితే పూర్తి కారు కనబడుతుంది. ఆకారం కుదిరిందనుకున్నాక మెరిసే పలుచని ఫిల్మును అంటించి, పైన పొడవాటి ట్యూబ్‌లైటు వెలిగించి, తలను మెల్లగా పక్కకు జరుపుతూ చూడాలి. ట్యూబ్‌లైటు ప్రతిబింబం డోరు మీది నుంచి వెనక మడ్‌గార్డు దాకా తెగకుండా పారాలి. ఎక్కడ వణికితే అక్కడ వేలికి తెలియని ఎత్తుపల్లం ఉన్నట్టు. ఆ వణుకు పూర్తిగా పోయేదాకా ఫైబర్ జోలికి వెళ్ళకూడదు.

పూర్తి పరిమాణంలో చేసేటప్పుడు నమూనా అడ్డుకోతలను (అడ్డంగా కోస్తే కనిపించే ఆకారాలను) అయిదింతలు పెంచి ప్లైవుడ్ మీద కోసి, వాటి మధ్య ఫోమ్ నింపుతారు. ఇక్కడ థర్మాకోల్ వాడితే ఫైబర్‌కు వాడే, గట్టిపడే జిగురు లాంటి పాలియెస్టర్ రెజిన్ దాన్ని కరిగించేస్తుంది కనుక పాలీయూరెథేన్ ఫోమ్ మేలు. దాని మీద పుట్టీ, ప్రైమర్ వేసి నునుపు చేసి, మైనం పట్టించి, జెల్‌కోటు (నునుపైన పై రెజిన్ పూత), రెజిన్‌తో తడిపిన గ్లాస్ మ్యాట్ (గాజు పీచు చాప) పొరలతో అచ్చు తీస్తారు. ఆ అచ్చు లోపల మళ్ళీ అవే పొరలు వేస్తే బాడీ తయారవుతుంది. చక్రాల పైన ఉండే బాడీ అంచు వంటి లోపలికి తిరిగే వంపుల దగ్గర అచ్చు ఇరుక్కుపోతుంది. అక్కడ అంచులతో బోల్టులు బిగించే రెండు ముక్కల అచ్చు చేయాలి.

రెజిన్ గట్టిపడేందుకు కలిపే కోబాల్టునూ హార్డెనరునూ నేరుగా ఒకదానితో ఒకటి ఎప్పుడూ కలపకూడదు, పేలిపోతాయి. రెజిన్ నుంచి వచ్చే స్టైరీన్ అనే రసాయనం వాసన అపార్ట్‌మెంట్లలో భరించలేరు కనుక పీణ్య వంటి పారిశ్రామిక ప్రాంతంలో గాలి ఆడే షెడ్డు చూసుకుని, రసాయన ఆవిరికి తగిన మాస్కు పెట్టుకోవాలి. డిసెంబరు, జనవరి నెలల్లో రాత్రి చలికి రెజిన్ గట్టిపడటం ఆలస్యమవుతుంది. పొరలు ఉదయం ఎండెక్కాక మొదలుపెట్టాలి. బాడీ బయటకు తీశాక అచ్చును వంగిపోకుండా ఆధారాలపై భద్రపరిస్తే, పగిలిన బంపరుకో డోరుకో బదులు కొత్తది దానిలోనే తీసుకోవచ్చు.