కొత్త గప్పీలకు తెల్లచుక్క: టబ్బులోనే ఆపిన తీరు

గప్పీలనే చిన్న అక్వేరియం చేపలు తెచ్చిన మూడో రోజుకు తోకల మీద ఉప్పురవ్వల్లాంటి చుక్కలు, అంటే తెల్లచుక్క రోగం. నయం, ఇంకా పెద్ద తొట్టిలో వదల్లేదు.

20 లీటర్ల టబ్బు, దాక్కోడానికి పీవీసీ పైపు ముక్క, పెద్ద తొట్టిలో నెల నానిన స్పాంజ్ ఫిల్టర్. కొత్త స్పాంజ్ అయితే చేపల వ్యర్థాల అమ్మోనియాను తినే బ్యాక్టీరియా ఉండదు, రోగం కన్నా ముందు ఆ అమ్మోనియానే చంపుతుంది. హీటర్ 28 డిగ్రీలు. అయోడిన్ లేని ఉప్పు 40 గ్రాములు, రెండు రోజుల్లో విడతలుగా కరిగించి పోశాను. రోజూ అడుగు నుంచి 5 లీటర్లు లాగి, క్లోరిన్ తీసిన నీళ్లలో 10 గ్రాముల ఉప్పు కలిపి పోయడం. ఆవిరైన నీటికి మాత్రం ఉప్పు కలపొద్దు, ఉప్పు ఆవిరవదుగా!

చుక్కలు రాలగానే ఆపేస్తే మళ్లీ మొదటికే. చుక్కలోని పరాన్నజీవి రాలి, అడుగున గూడు కట్టి వందల పిల్లలవుతుంది. ఉప్పు పనిచేసేది ఆ ఈదే పిల్లల మీదే. చివరి చుక్క పోయాక ఇంకో 2 వారాలు టబ్బులోనే ఉంచాను. వల, మగ్గు కూడా వేరే.